ఉత్తరాన దొరకవలసిన మనిషి

సముద్రం ఎటు పారుతున్నదో నిర్ణయించే అధికారం కిందటి ఏడాది ఏప్రిల్ ఒకటో తేదీ నుంచి మా కార్యాలయానికి దఖలు పడింది. అంతకుముందు ఆ పని సముద్రమే చూసుకునేది.

మాది తీర ప్రవాహాల అంచనా సంస్థ. నేను అక్కడ సీనియర్ అసిస్టెంటును. ఫైళ్లు కట్టడం, తాఖీదులు టైపు చెయ్యడం నా పని. సముద్రం సంగతి నాకు తెలియదు. ఆ మాటకొస్తే మా డైరెక్టరు విశ్వంభరంగారు కూడా ఎన్నడూ సముద్రంలో కాలు పెట్టినవారు కారు. ఉప్పునీటి తడి తమకు పడదని ఆయనే చెప్పేవారు. అందుకే ఆయనకు ఉపగ్రహమంటే వల్లమాలిన గౌరవం. ఎనిమిది వందల కిలోమీటర్ల ఎత్తున ఉండి, కాలు తడవకుండా పని చేస్తుందని.

ఆ ఉపగ్రహం పంపిన కొలతలను పటంగా మార్చే పని మృదులగారిది. మా సంస్థలో ఉన్న ఏకైక సైంటిస్టు ఆవిడ. మొదటి పటం పట్టుకొచ్చినప్పుడు నేను ఆ గదిలోనే ఉన్నాను. నడిసముద్రమంతా నీలం రంగు, దాని మీద చిన్నచిన్న బాణం గుర్తులు. ఒడ్డు వెంబడి మాత్రం రెండు వేళ్ల వెడల్పున తెల్లగా వదిలేసి ఉంది.

“ఈ అంచు తెల్లగా ఉందేమిటమ్మా?” అన్నారు డైరెక్టరుగారు.

“అక్కడ మనకు తెలియదు సార్. ఉపగ్రహం పైనుంచి రాడార్ తరంగం పంపి నీటి మట్టం ఎంత ఎత్తున ఉందో కొలుస్తుంది. ఆ ఎత్తుపల్లాలను బట్టి నీరు ఎటు నడుస్తోందో మనం లెక్క వేస్తాం. ఒడ్డు దగ్గరకొచ్చేసరికి నీటితోపాటు నేల కూడా ఆ కొలతలో పడిపోతుంది. పాతిక కిలోమీటర్ల లోపు అంకెలు నమ్మడానికి లేదు.”

“మన సంస్థ పేరేమిటి?”

“తీర ప్రవాహాల అంచనా సంస్థ.”

“తీరం దగ్గరే తెలియదంటే, మిగిలిన పేరుతో నేనేం చేసుకోను?”

మృదులగారు ఆ తెలుపు నింపనని మాత్రం చెప్పి వెళ్లిపోయారు. డైరెక్టరుగారు కంప్యూటర్ ఆపరేటరును పిలిపించి, నడిసముద్రంలో మార్చి నెల బాణాలు ఎటు చూస్తున్నాయో అటే చూసేలా ఒడ్డు దాకా బాణాలు వేయించారు. అన్నీ ఉత్తరానికే. మార్చిలో కోస్తా వెంట నీరు ఉత్తరానికే పోతుందని, కార్తీకం వచ్చేసరికి దక్షిణానికి తిరుగుతుందని మృదులగారు ఒక నోట్ పెట్టారు. ‘సముద్రము తన నిర్ణయమును ఏటా మార్చుకొనుట పరిపాలనా సౌలభ్యమునకు భంగకరము’ అని డైరెక్టరుగారు దాని మీద రాసి తిప్పి పంపారు.

ఆ తరువాత సర్క్యులరు వెలువడింది. టైపు చేసింది నేనే. తీర ప్రవాహము విషయమున ఇకపై సంస్థ పటమే తుది ప్రమాణము అని మూడో పేరా. కంటితో చూచినవి, చేతితో తెలుసుకొన్నవి, పెద్దలు చెప్పగా విన్నవి చెల్లనేరవు అని నాలుగో పేరా. తీరం పొడవునా ఉన్న అన్ని పాలేలకూ దాన్ని పంపాం. కొత్తరేవుపాలెం వాళ్లు దాన్ని మంచి మందమైన కాగితమని మెచ్చుకుని ఎండుచేపలు కట్టడానికి వాడుకున్నారని తరువాత తెలిసింది.

నవంబరు దాకా ఏ గొడవా లేదు.

నవంబరులో ఒక గురువారం ఉదయం పది గంటలకు కొత్తరేవుపాలెం నుంచి దానమ్మ అనే ఆవిడ వచ్చింది. చేపలమ్మే మనిషి. భర్త గనగళ్ల కొర్లయ్య ముందురోజు తెల్లవారకుండానే ఒంటరిగా ఇంజను బిగించిన ఫైబరు తెప్ప వేసుకుని వేటకు వెళ్లాడు. తొమ్మిదింటికి ఫోను చేసి ఇంజను ఆగిపోయిందని, లంగరు తాడు తెగిందని చెప్పాడు. ఆ మాట పూర్తికాకుండానే ఫోనులో చార్జింగు అయిపోయింది. తిరిగి రాలేదు. గాలింపు ఏ దిక్కున జరపాలో చెప్పవలసింది మా సంస్థే గనుక రేవు అధికారి ఆమెను మా దగ్గరికి పంపాడు.

“కార్తీకం బాబూ. నీరు దచ్చినానికి లాగీస్తది. ఆ పక్కకి బోట్లు ఎల్లమనండి, మీకు పున్నెముంటాది,” అంది. కొంగు చేత్తో నలుపుతూనే ఉంది.

డైరెక్టరుగారు లేచి గోడ మీద పటం ముందు నిలబడ్డారు. “అమ్మా, మీ ఆందోళన ఈ సంస్థ దృష్టికి వచ్చింది. కాని ప్రవాహం దక్షిణానికి అనడానికి మీ దగ్గర ఆధారం ఏముంది?”

“ఆదారమేటి బాబూ, నిన్న మా కోడలు రేవులో బిందె ఒగ్గేసింది. ఎనక్కి తిరిగి సూసేసరికి దచ్చినాన రెండు పర్లాంగులు ఎల్లిపోనాది.”

“బిందె వెళ్లిన దిక్కు నాలుగో పేరా కింద చెల్లదు,” అని ఆయన మెత్తగానే చెప్పారు. “మీ ఆయన ఉత్తరానికి వెళ్తున్నారు. ఈపాటికి గవ్వలపేట దాటి ఉంటారు. ధైర్యంగా ఉండండి.”

పాలెంలో ఉన్న ఎనిమిది బోట్లనూ గాలింపు కింద జమకట్టి ఉత్తరానికి పంపుతూ ఉత్తర్వు వెళ్లింది. దక్షిణానికి ఒక్క బోటయినా పంపమని మృదులగారు అడిగారు. “లేని దిక్కుకు బోటు పంపితే రేపు ఆడిట్‌లో ఎవరు జవాబు చెబుతారు?” అన్నారు డైరెక్టరుగారు.

మృదులగారు బయటికొచ్చి నా బల్ల ముందు నిలబడి సగం రోజు సెలవుకు చీటీ రాశారు. కారణం అన్నచోట ‘దక్షిణం’ అని రాసి ఉంది. నేను ఏమీ చదవనట్టు ముద్ర వేశాను. నా ఉద్యోగ జీవితంలో నేను చేసిన సాహసం అదొక్కటే.

వరండాలో ఆవిడ దానమ్మను ఆపి అడిగారు. “ఆ బిందె రెండు పర్లాంగులు పోవడానికి ఎంతసేపు పట్టిందమ్మా?”

“ఎంతసేపంటే... పక్కింటామితో మాటాడి, మనవడికి ముక్కు తుడిసి... ఇరవై నిముసాలుంటాది.”

మృదులగారు నా దగ్గర పెన్సిలు తీసుకుని ఒక వాడేసిన కవరు మీద లెక్క వేశారు. గంటకు కిలోమీటరు పైచిలుకు. నిన్న తొమ్మిది నుంచి ఇవాళ మధ్యాహ్నం మూడు దాకా ముప్పై గంటలు. ముప్పైఆరు కిలోమీటర్లు. దక్షిణాన ముప్పై కిలోమీటర్ల దూరంలో ఉప్పుటేరువాక అనే ఊరుంది, అదే దానమ్మ పుట్టిల్లు. ఇద్దరూ స్కూటరెక్కారు. దానమ్మ తమ్ముళ్లు బోటు తీశారు. మూడున్నరకు కొర్లయ్య దొరికాడు. కవరు మీద లెక్కకు రెండు కిలోమీటర్లు అటూ ఇటూ, అంతే.

ముఖం మీద తువాలు కప్పుకుని తెప్పలో పడుకుని ఉన్నాడట. బావమరుదులు కేకేస్తే లేచి, “రేపటికి గాని రారనుకున్నాను. అప్పుడే వచ్చీసినారే!” అన్నాడట. దానమ్మ అతన్ని ముందు రెండు దెబ్బలు వేసి, తరువాత నీళ్లు తాగించి, ఆపైన ఏడ్చింది.

ఇంతటితో కథ అయిపోవలసింది. కాని మర్నాడు ఉదయం కొర్లయ్య మా ఆఫీసుకొచ్చాడు. గాలింపు ఆపించమని అడగడానికి. ఎనిమిది బోట్లు తనకోసం వృథాగా తిరుగుతున్నాయని, వలకు కానాగంత చేపలు పడే రోజులని, ఊరంతా వేట మానుకుందని చెప్పాడు.

“మీరు ఎక్కడ దొరికారు?” అన్నారు డైరెక్టరుగారు.

“ఉప్పుటేరువాక ఎదురుగా బాబూ.”

“అక్కడ మీరు దొరకడానికి అవకాశం లేదు.”

“దొరికీసినాను గదా.”

“చూడండి కొర్లయ్యగారూ, మీరు సామాన్యులు. మిమ్మల్ని తప్పుపట్టను. మనిషి దొరకడం ఒకటి, అధికారికంగా దొరకడం ఒకటి.” అని నా వైపు తిరిగారు. “ఫారం తెరవండి.”

నేను కంప్యూటరులో ఫారం తెరిచాను. ‘దొరికిన స్థలం’ అన్న గడిలో గాలింపు పరిధిలోని ఊళ్ల పేర్లే వస్తాయి. గవ్వలపేట, దానికి పైన ఇంకో నాలుగు ఊళ్లు. ఉప్పుటేరువాక అని కొడితే గడి ఎర్రబడి, ‘సరైన స్థలము నమోదు చేయుడు’ అంది.

“చూశారా!” అన్నారు డైరెక్టరుగారు.

కొర్లయ్య ఒంగి ఆ ఎర్రగడి మీద వేలు పెట్టి చూశాడు. “అయితే నానిప్పుడేటి సెయ్యాల?”

“మేం మిమ్మల్ని వెతుకుతున్నాం. మీరు సహకరించండి.”

ఆ సహకారంలో భాగంగా ‘కనబడుటలేదు’ ప్రకటనకు ఫోటో అక్కడే తీశాం. పాత ఫోటోలు స్పష్టంగా లేవని. కొర్లయ్యకు కెమెరా చూస్తే నవ్వొస్తుంది. “నవ్వకండి, మీరు కనబడటం లేదు,” అని నేనే రెండుసార్లు హెచ్చరించవలసి వచ్చింది.

నవ్వు ఆ ఒక్కరోజే. గల్లంతయిన మనిషి పేరున తెప్ప ఉంటే దానికి వేటకు వెళ్లే టోకెను ఇవ్వరు. కొర్లయ్య ఇంజను బాగు చేయించుకుని వచ్చేసరికి రేవు అధికారి దానికి లక్క ముద్ర వేసేశాడు. ఊళ్లో బోట్లు కొర్లయ్యను వెతకడానికి, కొర్లయ్య తెప్ప కొర్లయ్య లేనందుకు, మొత్తం పాలెంలో వేట ఆగిపోయింది. ఎదురింటావిడ అతన్ని చూసి, “నువ్వు తొందరగా దొరికీ నాయినా, మా ఇంట కూర నేదు,” అనేదట.

గాలింపు బోట్లకు దారి చూపే మనిషి కావలసి వచ్చింది. ఆ తీరం వెంట నీళ్లు బాగా తెలిసినవాడెవరని రేవులో విచారిస్తే అందరూ కొర్లయ్య పేరే చెప్పారు. డైరెక్టరుగారు అతన్ని గాలింపు సహాయకుడిగా నియమించారు. నియామకపు తాఖీదులో ‘గల్లంతయిన శ్రీ కొర్లయ్యను ఆనవాలు పట్టగలవాడై ఉండుట అదనపు అర్హత’ అని నేనే టైపు చేశాను.

అతను మైకు పట్టుకుని నిలబడి “ఓ కొర్లయ్యా!” అని కేక వెయ్యాలి. పది లెక్కపెట్టి, జవాబు రాలేదని పుస్తకంలో రాయాలి. మొదటిరోజు అలవాటు కొద్దీ “ఓయ్” అన్నాడు. గాలించే బోటులోంచి వచ్చిన జవాబు చెల్లదని మర్నాడు తాఖీదు వెళ్లింది. తరువాత జాగ్రత్తగా పిలిచేవాడు. నాలుగోరోజు సాయంత్రం పుస్తకం అప్పజెప్పడానికొచ్చి నా పక్కన కూర్చున్నాడు.

“గుమస్తాగోరూ, నిజింగానే నాను అక్కడెక్కడో ఉన్నానేటో అనిపిస్తంది. అంతలా పిలుస్తంటే పాపం, ఆడెవడో పలకడేటని బెంగొచ్చీసింది,” అన్నాడు.

నేను టీ ఇప్పించాను.

పటం ప్రకారం కొర్లయ్య రోజుకు ముప్పై కిలోమీటర్ల చొప్పున ఉత్తరానికి జరుగుతున్నాడు. అయిదోరోజున జిల్లా దాటాడు. ఎనిమిదోరోజున రాష్ట్రం దాటాడు. మా డైరెక్టరుగారు పక్క రాష్ట్రానికి లేఖ రాస్తూ, తమ జలాలలో ప్రవేశించిన మా పౌరునికి తగు సౌకర్యములు కల్పించవలసిందిగా కోరారు. కొర్లయ్యను పిలిపించి, “అక్కడి భాష మీకు వచ్చునా?” అని అడిగారు. రాదన్నాడు. ‘భాష రాదు’ అని లేఖ కింద చేర్చాం. ఇంకో ఇరవై రోజులకు దేశం దాటతాడని లెక్క తేలేసరికి విషయం రాజధాని దాకా పోయింది. ముగ్గురు సభ్యుల ఉన్నత స్థాయి కమిటీ వచ్చింది. అధ్యక్షులు కామేశంగారు, పదవీ విరమణ చేసిన పెద్ద అధికారి. ఆయనకు మధుమేహం. పన్నెండున్నరకు భోజనం పడకపోతే చేతులు వణుకుతాయి.

“మనిషి ఎక్కడ?” అన్నారు రాగానే.

కొర్లయ్య నమస్కారం పెట్టాడు.

“ఈయన కాదు. గల్లంతయిన మనిషి.”

“వారే సార్. కాని వారి ఉనికి పటంతో సరిపోవడం లేదు,” అని డైరెక్టరుగారు విన్నవించి, అపోహలు తొలగించడానికి ప్రత్యక్ష ప్రదర్శన ఏర్పాటు చేశామన్నారు. కొర్లయ్య తెప్ప మీదే అందరం కూర్చోవాలి. ఇంజను ఆగిపోయిన చోటికి దాన్ని ఇంకో బోటుతో లాగించుకుపోయి వదిలెయ్యాలి. ఇంజను లక్క ముద్రతో అలాగే ఉంటుంది. ప్రవాహమే మమ్మల్ని ఉత్తరానికి తీసుకుపోతుంది. సంస్థకు సొంత బోటు లేదు, అంతవరకు సముద్రం మీదికి వెళ్లవలసిన అవసరం మాకు రాలేదు. భోజనాలు గవ్వలపేట ఒడ్డున షామియానాలో. పాలెం బోట్లన్నీ స్వాగతం చెప్పడానికి అక్కడికే వెళ్లాలి.

ఉదయం ఎనిమిదింటికి మమ్మల్ని ఒడ్డుకు ఎనిమిది కిలోమీటర్ల దూరాన వదిలేసి, లాక్కొచ్చిన బోటు గవ్వలపేటకు వెళ్లిపోయింది. తెప్పలో ఏడుగురం. కమిటీవారు ముగ్గురు, కొర్లయ్య, మృదులగారు, ఫైలుతో నేను, మోకాళ్ల దాకా ప్లాస్టిక్ సంచులు కట్టుకుని డైరెక్టరుగారు.

గంటన్నర గడిచింది. దూరాన తెల్లని లైట్‌హౌసు మాకు పడమటన ఎదురుగా ఉండేది కాస్తా, పక్కకు జరిగింది.

“అది ఉత్తరానికి పోతున్నట్టుందే?” అన్నారు కామేశంగారు.

“చిత్తం,” అన్నారు డైరెక్టరుగారు. “ప్రవాహం ఎంత బలంగా ఉందో చూడండి సార్, ఒడ్డు కూడా ఉత్తరానికే పోతోంది.”

కమిటీలో ఒకాయన అది రాసుకున్నారు.

మృదులగారు తన చేతిలోని జీపీఎస్ పరికరం చూసి, “సార్, మనం దక్షిణానికి రెండు కిలోమీటర్లు వచ్చాం. ఇది కూడా ఉపగ్రహమే చెబుతోంది,” అన్నారు.

“అది వేరే శాఖ ఉపగ్రహం,” అన్నారు డైరెక్టరుగారు.

పన్నెండున్నర అయింది. ఒకటయింది. భోజనాలు, షామియానా, స్వాగత తోరణం నిమిషానికింత చొప్పున మాకు దూరమవుతున్నాయి. కామేశంగారి చేతులు వణకడం మొదలెట్టాయి. ముఖాన చెమట పట్టింది. కొర్లయ్య అది చూసి తన సత్తు గిన్నె మూత తీశాడు. రాగి అంబలి, వేయించిన ఎండు నెత్తళ్ల చేపలు. దానమ్మ కట్టి ఇచ్చినది.

“ముందిది తాగండి బాబూ. కొంచికొంచిగా.”

ఆయన తాగారు. ఆపైన నెత్తళ్లు కూడా తిన్నారు. సభ్యులిద్దరూ మిగిలినది చూస్తూ ఉంటే కొర్లయ్య వాళ్లకూ పెట్టాడు. డైరెక్టరుగారు మాత్రం తమ భోజనం గవ్వలపేటలో ఉందని, దాని దగ్గరికే వెళ్తున్నామని చెప్పి పుచ్చుకోలేదు.

వణుకు తగ్గాక కామేశంగారు అన్నారు. “ఇక చాలు. ఇంజను వేసి ఒడ్డుకు తీసుకుపోవయ్యా.”

కొర్లయ్య చేతులు కట్టుకుని చాలా వినయంగా చెప్పాడు. “నాను కనపడనోడిని బాబూ. కనపడనోడు ముద్ర పీకి బోటు నడిపితే కేసయిపోద్ది. ఈ బాబులే రాసినారు.”

“అవును సార్, నియమం ఉంది,” అన్నాను నేను ఫైలు చూసి.

“అయితే ఇప్పుడేం చెయ్యాలి?”

“నాను దొరికీసినట్టు ఓ సంతకం పెట్టండి. మా బోట్లన్నీ ఒగ్గేయమని రాయండి. పన్నెండు రోజులై ఊళ్లో పొయ్యిలు సరిగ్గా ఎలగడం నేదు.” ఆ చివరి మాట దగ్గర అతని గొంతులో వినయం లేదు.

కామేశంగారు ఫైలు నా చేతిలోంచి లాక్కున్నారు. ‘దొరికిన స్థలం’ దగ్గర కలం ఆగింది. మృదులగారు పరికరం చూసి అంకెలు చదివారు. ఆయన అవే రాశారు. కాగితం మీద గడి కంప్యూటరులో లాగా ఎర్రబడదు. సభ్యులిద్దరూ నెత్తళ్ల చేతులతోనే సంతకాలు చేశారు. కొర్లయ్య ముద్ర పగలగొట్టి తాడు లాగాడు. ఇంజను మూడో లాగుకు అందుకుంది. రెండు గంటలకల్లా కొత్తరేవుపాలెం ఒడ్డున దిగాం. డైరెక్టరుగారు సంచుల్లో నీళ్లు నిండడం వల్ల కొంత ఆలస్యంగా దిగారు.

మర్నాడు పాలెం బోట్లన్నీ వేటకు వెళ్లాయి. కానాగంతలు విరగబడ్డాయి. దానమ్మ ఒక గంపెడు మృదులగారింటికి, ఒక అరగంపెడు మా ఇంటికి పంపింది.

కమిటీ నివేదిక జనవరిలో వచ్చింది. పటాన్ని తప్పుపడుతూనే, పొరపాటును ప్రయోగపూర్వకంగా నిరూపించిన డైరెక్టరుగారిని అభినందించింది. ‘అనుభవజ్ఞులైన స్థానిక నిపుణులు శ్రీ గనగళ్ల కొర్లయ్యగారి నిర్ధారణ మేరకు’ తీరం వెంట బాణాలన్నిటినీ దక్షిణానికి తిప్పాలని సిఫార్సు చేసింది. తిప్పాం. పన్నెండు నెలలకూ. కొత్త సర్క్యులరు నేనే టైపు చేశాను. కొర్లయ్యను పిలిచి శాలువా కప్పారు. ఆ రోజు అతను ఏదో చెప్పబోయాడు గాని చప్పట్లలో వినబడలేదు.

మృదులగారు ఈ సర్క్యులరు మీద కూడా నోట్ పెట్టారు, అది కూడా తిరిగొచ్చింది. ఆవిడ వాదన మానుకుని, రోజూ ఉదయం పాలెంలో దానమ్మకు ఫోను చేయడం మొదలెట్టారు. దానమ్మ రేవులో కొబ్బరిచిప్ప వదిలి, ఎటు పోయిందో, ఎంతసేపు పట్టిందో చెబుతుంది. నడిసముద్రానికి ఉపగ్రహం, ఒడ్డుకు కొబ్బరిచిప్ప. రెండూ కలిపి మృదులగారు వేసే పటం పాలెం వాళ్ల ఫోన్లలో తిరుగుతుంది. దానికి ఫైలు నంబరు లేదు.

ఫాల్గుణం వచ్చింది. నీరు ఉత్తరానికి తిరిగింది. కొర్లయ్య ఒక ఉదయం తెప్ప వేసుకుని మా ఆఫీసు ఎదురుగా ఒడ్డున దిగి, పంచె పిండుకుని, డైరెక్టరుగారి గదిలోకి వెళ్లాడు.

“బాబూ, బాణాలు మార్చాల. నీరిప్పుడు ఉత్తరానికి ఎల్తంది.”

“అది సాధ్యం కాదు. దక్షిణమని కొర్లయ్యగారు నిర్ధారించారు.”

“నానే గదా బాబూ కొర్లయ్యని!”

“కాదనను. కాని అప్పుడు మీరు కమిటీ ముందు నిపుణుల హోదాలో చెప్పారు. ఇప్పుడు వ్యక్తిగత హోదాలో వచ్చారు.” డైరెక్టరుగారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. “కొర్లయ్యగారి అభిప్రాయాన్ని తోసిపుచ్చడానికి మీకున్న అర్హతలేమిటి?”

కొర్లయ్య నిలబడి నిజాయితీగానే ఆలోచించాడు. చివరకు, చెప్పుకోదగ్గవి ఏమీ లేవని ఒప్పుకున్నాడు. నమస్కారం పెట్టి బయటికొచ్చి, నాతో పాటు టీ తాగి, తెప్పను నీళ్లలోకి తోసుకున్నాడు. కొత్తరేవుపాలెం మా ఆఫీసుకు ఆరు కిలోమీటర్లు ఉత్తరాన ఉంది. నేను కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను. అతను ఇంజను వెయ్యలేదు. తువాలు ముఖం మీద కప్పుకుని పడుకున్నాడు.